టెనెరిఫే వచ్చి రెండు నెలలు: సీత దొరకలేదు, పట్టుచీరకి బూజు పట్టింది, ఇల్లు మారిపోదామా?

బందరు_పిల్ల (లా లగూనా) · నవంబర్ 18, రాత్రి 10:40

నమస్తే అందరికీ. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదలు.

మా ఆయన మార్చిలోనే టెనెరిఫే (స్పెయిన్‌ది, కనారియాస్ దీవుల్లో ఒకటి) వచ్చారు, ఇక్కడ ఖగోళ పరిశోధన సంస్థలో ఉద్యోగం. నేనూ, ఆరేళ్ళ మా వాడూ సెప్టెంబర్ మధ్యలో దిగాం. దీవి అన్నారు, ఆఫ్రికా పక్కనే అన్నారు. జూలైలో ఇల్లు చూసి "ఎండ బాగా వస్తోంది" అని వీడియో కూడా పంపారు. ఉన్న స్వెట్టర్లు మా చెల్లికి ఇచ్చేసి, కాటన్ చీరలూ రెండు పట్టుచీరలూ సర్దుకుని వచ్చేశా.

అక్టోబర్ నుంచి సూర్యుడు కనబడితే ఒట్టు. మధ్యాహ్నం మూడింటికే మబ్బు వీధిలోకి దిగి మనతో పాటే నడుస్తుంది. ఉతికిన బట్టలు మూడు రోజులైనా పచ్చిగానే ఉంటాయి. ఇంట్లో హీటరన్న మాటే లేదు. కార్తీక పౌర్ణమికి కట్టుకుందామని పెట్టె తెరిస్తే నా పెళ్ళినాటి కంచిపట్టు మడతల మీద బూడిదరంగు మచ్చలు. వేలితో రాస్తే పొడి. కర్పూరం బిళ్ళలు కూడా పెట్టాను. ఆ పెట్టె ముందే కూర్చుని ఏడ్చా.

రెండోది సీత. ఇక్కడ ఏ ఆఫీసుకెళ్ళినా "సీతా ప్రేవియా ఉందా?" అంటారు. ముందే తీసుకోవాల్సిన అపాయింట్‌మెంటు అని మా ఆయన చెప్పేదాకా ఎవరో ప్రియా అనే అమ్మాయి గురించి అడుగుతున్నారనుకున్నా. హనుమంతుడికి ఒకే లంక, ఒకే సీత. నాకు ఆఫీసుకో సీత కావాలి, ఏ అశోకవనంలోనూ లేదు. నివాస కార్డుకి వేలిముద్రలు ఇవ్వాలి, వెబ్‌సైటు ఎప్పుడు తెరిచినా ఖాళీలు లేవంటుంది.

మూడోది, ఇంటి ఓనరు పద్రోన్‌కి (మునిసిపాలిటీలో పేరు నమోదుకి) ఒప్పుకోవడం లేదు. "నా ఇంటి చిరునామా మీద మీరు నమోదు చేసుకోవద్దు" అన్నాడు. అది లేకపోతే కార్డూ లేదు, ఆరోగ్య కేంద్రంలో డాక్టరూ లేడు.

దక్షిణాన లోస్ క్రిస్తియానోస్ వైపు రోజూ ఎండేనట కదా. అటు మారిపోమంటారా?

---

గోదారిగట్టు (సాంతా క్రూస్) · నవంబర్ 18, రాత్రి 11:25

అమ్మాయ్, ముందు కళ్ళు తుడుచుకో. తొమ్మిదేళ్ళ క్రితం నేనూ ఇలాగే మోసపోయాను. తప్పు ఇంటిది కాదు, జూలైది.

ఈశాన్యం నుంచి వచ్చే గాలులు (ఇక్కడ అలీసియోస్ అంటారు) సముద్రం తేమంతా మోసుకొచ్చి కొండకి గుద్దుకుంటాయి. మధ్యలో తెయిదే 3,700 మీటర్లకి పైన నిలబడి ఉంది, మొత్తం స్పెయిన్‌లోనే ఎత్తైన శిఖరం. మబ్బులన్నీ దానికి ఉత్తరం వైపే ఆగిపోతాయి. అందుకే ఉత్తరం పచ్చన, దక్షిణం ఎండు. నువ్వున్న లా లగూనా సుమారు 550 మీటర్ల ఎత్తులో, సరిగ్గా ఆ మబ్బు దారిలో ఉంది. ఊరి పేరుకి అర్థమే మడుగు. ఒకప్పుడు అక్కడ నిజంగా చెరువుండేది, తర్వాత ఎండగట్టారు. చెరువు పోయింది గానీ చెమ్మ పోలేదు.

రేపు పొద్దున్నే డీహ్యూమిడిఫయర్ (గాల్లో చెమ్మ లాగే యంత్రం) కొనండి. దెసుమిదిఫికదోర్ అని అడగండి, లా లగూనాలో ఫ్రిజ్ లేని ఇల్లైనా ఉంటుందేమో గానీ అది లేని ఇల్లుండదు. రాత్రంతా పడకగదిలో తలుపేసి పెట్టండి. పొద్దున డబ్బాలో నీళ్ళు చూస్తే ఇన్నాళ్ళూ ఎందులో పడుకున్నారో అర్థమవుతుంది. అల్మరాని గోడకి నాలుగు వేళ్ళ దూరం జరపండి. పెట్టెలు నేలమీద పెట్టొద్దు. కర్పూరం పురుగుకే గానీ బూజుకి పనిచేయదు.

దక్షిణానికి మాత్రం వద్దు. మీ ఆయన రోజూ ఒక్కోవైపే గంటదాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రోడ్డు మీదే. అంతగా మారాలనుకుంటే సాంతా క్రూస్‌కి దిగండి. ట్రామ్ ఉంది, 2007లో వేశారు, లా లగూనా త్రినిదాద్ స్టాపు నుంచి మా ఊరికి ముప్పావుగంట కూడా పట్టదు. మీరు జాకెట్టుతో ట్రామెక్కితే మా దగ్గర దిగేటప్పటికి తీసి చేతిలో పట్టుకుంటారు.

---

ఓరుగల్లు_పోరడు (అదెహే) · నవంబర్ 18, రాత్రి 11:52

అన్నా, దక్షిణం మీద గట్లనకు. నేను నాలుగేండ్ల సంది ఈడనే ఉంటున్న, హోటల్ కిచెన్ల పని. ఎండకు కొదువ లేదు, చలికాలంల గూడ చొక్కా మీదనే తిరుగుత. గని అక్కా, నిజం చెప్తున్న, ఇల్లు దొరకది. ఉన్నయన్నీ టూరిస్టులకే ఇస్తున్నరు. నాతోని పనిచేసేటోళ్ళు గదికి ముగ్గురుంటున్నరు. ఒకాయన వ్యాన్లనే పండుకుంటడు. 2024 ఏప్రిల్ 20 నాడు దీవులన్నింట్ల జనం రోడ్ల మీదికి వచ్చిన్రు గద, "కనారియాస్‌కు ఒక హద్దుంది" అని. టూరిస్టుల మీద కోపం కాదు, ఇండ్ల కిరాయిల మీద కోపం.

ఇంకోటి, ఈడ ఉంటే స్పానిష్ రాదు. అందరూ ఇంగ్లీషో జర్మనో మాట్లాడుతరు. నాలుగేండ్లయినా నాకు కూరగాయల పేర్లు, తిట్లు తప్ప వేరే రావు. పిలగాడు ఉన్నడంటున్నవు గద, ఆలోచించుకో.

---

లెక్కల_మాస్టారు (మాడరేటర్) · నవంబర్ 19, ఉదయం 7:10

పద్రోన్ విషయం నేను చెబుతాను, దీని మీద ఇక్కడ ఏడాదికి నాలుగుసార్లు ప్రశ్న వస్తుంది.

స్పెయిన్‌లో ఉండే ప్రతి ఒక్కరూ తాము నివసించే ఊరి మునిసిపాలిటీలో పేరు నమోదు చేసుకోవాలి. అది హక్కే కాదు, బాధ్యత కూడా. మీ పేరున అద్దె ఒప్పందం ఉంటే ఓనరు సంతకం అడుక్కోవలసిన పనిలేదు. పాస్‌పోర్టులు, ఒప్పందం, బాబు జనన ధృవపత్రం, మీ పెళ్ళి ధృవపత్రం (అనువాదంతో సహా) పట్టుకుని ఆయుంతామియెంతోకి (మునిసిపాలిటీ ఆఫీసుకి) వెళ్ళండి. ఒప్పందంలో మీ ఆయన పేరొక్కటే ఉంటే ఆయన కూడా వచ్చి మిమ్మల్నిద్దర్నీ చేర్చమని సంతకం పెట్టాలి. ఒప్పందంలో "నమోదు చేసుకోరాదు" అని రాసి ఉన్నా మునిసిపాలిటీ దాన్ని పట్టించుకోదు.

వేలిముద్రల సీతకి: ఈఎక్స్-17 ఫారం, 790-012 రుసుము బ్యాంకులో కట్టిన రసీదు, ఫోటో, పద్రోన్ కాగితం ముందే సిద్ధం చేసి పెట్టుకోండి. దొరికాక పరుగెత్తే టైముండదు. దేశంలోకి వచ్చిన నెలలోపు కార్డుకి అడగాలని నిబంధన. మీకు ఆలస్యమైంది కాబట్టి ఖాళీలు లేవని చూపించే తెరని తేదీతో సహా రోజూ ఫోటో తీసి దాచండి. సీత ఉచితం. డబ్బిస్తే ఇప్పిస్తామనే దళారులు బోలెడుమంది ఉన్నారు, ఒక్క యూరో కూడా ఇవ్వొద్దు.

---

విశాఖ_వాసు (లాస్ పాల్మాస్, గ్రాన్ కనారియా) · నవంబర్ 19, మధ్యాహ్నం 1:30

సీత జోకుకి ఆఫీసులో పగలబడి నవ్వా. ఒక్క మాట, ఈ జోకు స్పెయిన్‌లో అన్ని చోట్లా చెల్లదు. మాడ్రిడ్‌లో దాన్ని నాలుక పళ్ళ మధ్య పెట్టి "థీతా" అంటారు. ఇక్కడివాళ్ళు "స" అనేస్తారు, మన అదృష్టం.

మబ్బు మీకే కాదండీ, మాకూ ఉంది. లాస్ పాల్మాస్‌లో వేసవంతా నెత్తిమీద బూడిదరంగు కప్పు. దాన్ని "గాడిద పొట్ట" అంటారు! పేరు పెట్టినవాడికి దండం పెట్టాలి.

పార్సిళ్ళతో జాగ్రత్త. లాస్ పాల్మాస్ అంటే గ్రాన్ కనారియాలో పట్టణం, లా పాల్మా అంటే 2021లో అగ్నిపర్వతం పేలిన వేరే దీవి, పాల్మా అంటే ఎక్కడో మధ్యధరా సముద్రంలో మయోర్కా. మన తాడేపల్లి, తాడేపల్లిగూడెం, తాడిపత్రి లాగన్నమాట. మా అమ్మ పంపిన కందిపొడి మూడు వారాలు మయోర్కాలో షికారు చేసి వచ్చింది. పైగా కనారియాస్ యూరప్ వ్యాట్ పరిధిలో లేవు. ఇక్కడ ఇగిక్ అని వేరే పన్ను, మామూలుగా 7 శాతం, ప్రధాన భూభాగంలో 21. వినడానికి బాగుంది కదా? కానీ బార్సిలోనా నుంచి చెప్పులు తెప్పించినా కస్టమ్స్ కాగితాలే. చాలా దుకాణాలు మాకు పంపం పొమ్మంటాయి.

సరుకులకి సింధీల దుకాణాలు చూడండి. 1852లో ఈ రేవుల్ని సుంకాలు లేని రేవులుగా ప్రకటించారు. ఓడలు ఆగే చోటు కాబట్టి పంతొమ్మిదో శతాబ్దం చివరికే సింధీ వర్తకులు వచ్చి కొట్లు పెట్టారు. ఇప్పుడు వాళ్ళ మనవలూ మునిమనవలూ మనకంటే గ్రాంధికంగా స్పానిష్ మాట్లాడతారు. మా వీధిలో ఎలక్ట్రానిక్స్ కొట్టు తాతగారు నన్ను చూసి "సౌత్ వాలా?" అని నవ్వి, లోపల్నుంచి ఇంగువ డబ్బా తెచ్చి చేతిలో పెట్టారు. కెమెరాల కొట్లో ఇంగువ!

---

బందరు_పిల్ల · నవంబర్ 20, రాత్రి 9:15

అందరికీ పేరుపేరునా దండాలు. డీహ్యూమిడిఫయర్ కొన్నాం. గోదారిగట్టు గారూ, ఒక్క రాత్రికి రెండున్నర లీటర్లు! మా వాడు పొద్దున్నే లేచి "అమ్మా, గది ఉచ్చ పోసింది" అన్నాడు.

ఇవాళ ప్లాజా దెల్ క్రీస్తో దగ్గర మార్కెట్టుకి ఒంటరిగా వెళ్ళా. కూరగాయల కొట్టు ముందు ఆరేడుగురు ఎవరి దారిన వాళ్ళు నిలబడి కబుర్లాడుకుంటున్నారు, క్యూ లేదు. మనకేం, వెళ్ళి టమాటాలు ఏరుతున్నా. వెనకనుంచి ఒక పెద్దావిడ గట్టిగా ఏదో అంది, అందరూ నావైపు చూశారు. చెవులు వేడెక్కిపోయాయి. కొట్టువాడే చెప్పాడు, సైగలతో. వచ్చినవాళ్ళు "చివర ఎవరు?" అని అడగాలిట. ఒకరు చెయ్యెత్తుతారు. వాళ్ళ తర్వాత మనం, మన తర్వాత వచ్చేవాళ్ళకి మనం చెయ్యెత్తాలి. వరస మనుషుల బుర్రల్లో ఉంది, నేల మీద కాదు!

నా వంతు వచ్చాక కొట్టువాడు "ఏం కావాలి, మి నీన్యా?" అన్నాడు. నీన్యా అంటే చిన్నపిల్ల కదా, నాకు ముప్పై నాలుగు. నా తర్వాత ఆ పెద్దావిడనీ అలాగే పిలిచాడు. మా బందరు రైతుబజార్లో "ఏం కావాలి తల్లీ" అన్నట్టే ఉంది. బంగాళదుంపల్ని "పాపాస్" అంటారు, "రెండు కిలోల పాపలు" అని అడగడానికి నాకింకా నోరు రావడం లేదు.

---

నిజం_నిష్ఠూరం (డబ్లిన్) · నవంబర్ 20, రాత్రి 11:05

ఎవరూ అనరు గానీ నేనంటా. భాష రాదు, ఇల్లు లేదు, చెమ్మ, ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. ఇంగ్లీషు దేశాలు ఇన్ని ఉండగా ఆ దీవికి ఎందుకండీ? స్పెయిన్ పౌరసత్వానికి మనకి పదేళ్ళు. లాటిన్ అమెరికా వాళ్ళకి రెండేళ్ళే.

---

గోదారిగట్టు · నవంబర్ 20, రాత్రి 11:31

నిష్ఠూరం గారూ, డబ్లిన్‌లో ఇళ్ళు రోడ్డు మీద పోసి అమ్ముతున్నారా? ఆవిడ భర్త చూసేది నక్షత్రాల్ని. టెలిస్కోపులు మబ్బుకి పైన, తెయిదే పక్కన ఇసాన్యాలో 2,390 మీటర్ల ఎత్తున ఉన్నాయి. డబ్లిన్‌లో పెడితే వానచుక్కలు లెక్కపెట్టుకోవాలి.

పదేళ్ళ మాట మాత్రం నిజమే. నాకింకో ఏడాది ఉంది.

---

పులిహోర_ప్రియ (పుయెర్తో దె లా క్రూస్) · నవంబర్ 21, ఉదయం 10:20

ఇక తిండి సంగతికి వద్దాం, లేకపోతే ఈ చర్చకి పరిపూర్ణత రాదు :)

బందరమ్మాయ్, నువ్వు పప్పులూ చింతపండూ వెతుక్కుంటూ కూర్చోకు. ఇక్కడి వంట మనకి చుట్టమే. స్పెయిన్‌లో మిగతా చోట్ల పార్స్‌లీ వాడతారు, ఇక్కడ కొత్తిమీర. కొత్తిమీర, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు రోట్లో నూరి, వెనిగర్, నూనె పోస్తే మోహో వెర్దె. ఇదేంటి మరి? మన పచ్చడే, వెనిగర్ బదులు నిమ్మకాయ పిండు. ఎండుమిరపతో చేసే ఎర్రది మోహో పికోన్. నేను దాన్ని ఇడ్లీలోకి వేశా, మా ఆయన వెల్లుల్లి కారం అనుకుని మూడు తిన్నారు. దుంపల్ని తొక్కతో సముద్రం నీళ్ళంత ఉప్పు నీళ్ళలో ఉడికించి, నీళ్ళు వంపేసి, తొక్క ముడతలు పడి మీద తెల్లగా ఉప్పు పేరేదాకా గిన్నె ఊపుతూ ఉండాలి. అదే పాపాస్ అర్రుగాదాస్. తొక్క తీయకుండా తినాలి, నేను మొదటిసారి ఒలుచుకుంటూ కూర్చుంటే హోటలంతా చూసింది.

గోఫియో కొన్నావా? వేయించిన మొక్కజొన్న లేదా గోధుమ పిండి. స్పెయిన్ వాళ్ళు రాకముందు ఇక్కడున్న గ్వాంచేల కాలం నాటి తిండి. అప్పట్లో బార్లీతో చేసేవారు.

---

ఓరుగల్లు_పోరడు · నవంబర్ 21, మధ్యాహ్నం 3:02

గోఫియో అంటే సత్తుపిండే అక్కా! మొదటిసారి వాసన సూడంగనే సద్దుల బతుకమ్మ యాదికొచ్చి గుండె బరువైంది. బెల్లం, నెయ్యి ఏసి ముద్దలు చేసిన. నాతోని పనిచేసే కనారియో ఒకడు తిని "మా అమ్మమ్మ తేనె, బాదం ఏసి ఇట్లనే పిసుకుతది" అన్నడు. ఇద్దరం ఒక్క ముద్దను చెరిసగం తిన్నం.

నెయ్యి మాత్రం ఊరికెల్లి తేకున్రి. పాలతోని చేసినవి, మాంసం యూరప్‌లకు తేనియ్యరు. మొక్కలు, పచ్చి ఆకులు కూడ అంతే, కరివేపాకు కొమ్మ దాచిపెట్టి తెద్దామనుకునేరు. వెన్న ఈడనే దొరుకుతది, కాచుకోవాలె.

---

తీరం_దాటిన_తెలుగు (సాన్ హువాన్, ప్యుయెర్తో రికో) · నవంబర్ 21, రాత్రి 8:48

వేరే సముద్రం నుంచి ఒక చెయ్యి. మీరు బస్సుని గ్వాగ్వా అంటారా? మేమూ అంతే! క్యూబాలోనూ, డొమినికన్ రిపబ్లిక్‌లోనూ అదే మాట. మీ దీవుల జనం వందల ఏళ్ళుగా కరీబియన్‌కి వలస వచ్చారు. యాస కూడా మీదే ఇక్కడికి వచ్చింది, చివరి "స"లు మింగేయడంతో సహా. మాడ్రిడ్ పాఠాలు విని ఇక్కడికొచ్చి నేను తెల్లమొహం వేశా. ఒక సుఖం ఉంది, మాడ్రిడ్‌లో దగ్గరివాళ్ళని "మీరంతా" అనడానికి వాడే "వొసోత్రోస్" క్రియారూపాలు బట్టీ కొట్టక్కర్లేదు, అందరికీ "ఉస్తెదెస్" చాలు.

---

విశాఖ_వాసు · నవంబర్ 22, ఉదయం 9:00

గ్వాగ్వా అంటే గుర్తొచ్చింది, 2023 నుంచి తరచూ తిరిగేవాళ్ళకి కార్డు మీద బస్సులు, ట్రామ్ ఉచితం చేశారు. అదే ఏడాది డిసెంబర్లో తెలంగాణలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు పెట్టారు కదా, మా ఆవిడ "నాకు రెండు చోట్లా చెల్లుతుంది, నీకు ఒక్కచోటే" అంటుంది.

కారు కొనే ఆలోచన ఉంటే ముందే తెలుసుకోండి, మన లైసెన్సు నివాసం వచ్చిన ఆరు నెలలదాకానే. స్పెయిన్ దాన్ని మార్చి ఇవ్వదు, పదిహేనేళ్ళు డ్రైవింగ్ చేసినా మళ్ళీ పరీక్ష రాయాల్సిందే. రాత పరీక్ష ఇంగ్లీషులో రాయొచ్చు. నేను రెండుసార్లు తప్పా. రౌండ్ అబౌట్లు. ఇంకేం అడక్కండి.

---

బందరు_పిల్ల · డిసెంబర్ 3, రాత్రి 10:10

పద్రోన్ అయింది!! మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే ఓనరు ఊసే ఎత్తలేదు వాళ్ళు. పది నిమిషాలు. ఓనరుకి కోపం వచ్చినట్టుంది, ఒప్పందం అయ్యాక పొడిగించనంటున్నాడు.

కొత్త తంటా: మిక్సీలో పిండి రుబ్బుతుంటే ఇల్లంతా చీకటి. డీహ్యూమిడిఫయర్, ఇండక్షన్ పొయ్యి, వాషింగ్ మెషీను, మిక్సీ. మిక్సీ కాలిపోయిందా?

---

లెక్కల_మాస్టారు · డిసెంబర్ 4, ఉదయం 6:55

మిక్సీ నిక్షేపంలా ఉంటుంది, ఇక్కడా 230 వోల్టులూ 50 హెర్ట్‌జే. పిన్ను మార్చుకుంటే చాలు. మీ కరెంటు బిల్లులో "పొతెన్సియా" చూడండి, బహుశా 3.45 కిలోవాట్లు ఉంటుంది. ఒకేసారి అంతకు మించి వాడితే మీటరు కోసేస్తుంది. పెంచుకోవచ్చు, నెలనెలా ఖర్చు పెరుగుతుంది. లేదా మా ఇంట్లోలా ఎవరు ఏ స్విచ్చు వేస్తున్నారో ముందు అరిచి చెప్పుకోండి.

---

పులిహోర_ప్రియ · డిసెంబర్ 4, ఉదయం 11:40

మాది సిలిండరు, కరెంటు గొడవ లేదు. నారింజరంగు బొంబోనా, 12.5 కిలోలు. మన ఎర్ర బండ 14.2 కదా, ఇది కాస్త చిన్నది. లిఫ్టు లేని నాలుగో అంతస్తుకి మోసేటప్పుడు ఆ తేడా ఏమీ తెలియదు.

---

బందరు_పిల్ల · ఫిబ్రవరి 27, రాత్రి 9:30

చాలా రోజులైంది. ఎలా ఉన్నావని మెసేజీలు పెట్టినవాళ్ళందరికీ కలిపి ఇక్కడే.

సీత దొరికింది. జనవరిలో ఒక మంగళవారం ఉదయం ఎనిమిదింటికి, టిఫిన్ బాక్సు కడుతూ ఫోన్లో చూస్తే ఒక్కటంటే ఒక్క ఖాళీ. చేతికున్న ఉప్మాతోనే నొక్కేశా. ఎందుకింత ఆలస్యమని అడిగితే ఆ తెర ఫోటోలన్నీ చూపించా. వేలిముద్రలు అయిపోయాయి, కార్డు వచ్చింది. ఫోటోలో నేను నేరం చేసినదానిలా ఉన్నా.

దక్షిణానికి వెళ్ళలేదు. సాంతా క్రూస్‌లో రెండు ఇళ్ళు చూశాం, మీరన్నట్టే అక్కడ ఎండే. కానీ మా వాడు బడిలో కుదురుకున్నాడు. మొన్న నాతో "అమ్మా, పాప్‌కార్న్ కాదు, కొతూఫాస్" అని దిద్దాడు. నేనూ పెద్దవాళ్ళ బడిలో ఉచిత స్పానిష్ క్లాసులో చేరా. మళ్ళీ మొదట్నుంచి అంటే ఓపిక లేదు. ఆ చెమ్మ కొంప వదిలేసి రెండు వీధుల అవతల మూడో అంతస్తుకి మారాం. పైన డాబా ఉంది, అసోతెయా అంటారు, బట్టలారేసుకోవడానికి బిల్డింగు మొత్తానికీ అదే.

పట్టుచీర సంగతి అడిగారు. పక్కింటి ఆవిడ, డెబ్భై దాటినావిడ, మచ్చలు చూసి తల ఊపి, మెత్తటి బ్రష్షు తెచ్చి, నీళ్ళు తగలనివ్వకుండా మడత మడతా విప్పి దులిపించింది. ఎండ వచ్చిన మొదటి రోజే డాబా మీదికి పిలిచి, రెండు దుప్పట్ల మధ్య నీడ పట్టున ఆరేయించింది. అప్పుడు మొదలైంది అసలు తమాషా. బట్టలు తీసుకోడానికి వచ్చినవాళ్ళంతా ఆ జరీ అంచు పట్టుకుని చూడటం, "ఎన్ని మీటర్లు?" అని అడగటం. అయిదున్నర అంటే నమ్మలేదు. ఆవిడ చేత్తో కొలిచి మరీ వాళ్ళకి చెప్పింది. రెండు మచ్చలు పోలేదు, అవి కుచ్చిళ్ళలోకి పోయేవే.

జూన్‌లో ఆ పక్కింటావిడ నన్ను లా ఒరోతావా అనే ఊరికి తీసుకెళ్తానంది. కార్పుస్ అనే క్రైస్తవుల పండక్కి అక్కడ మునిసిపాలిటీ ముందు చౌకు నిండా తెయిదే నుంచి తెచ్చిన రంగురంగుల ఇసుకతో బొమ్మలు వేస్తారట. ఫోన్లో చూపిస్తే "మేమూ వేస్తాం, సంక్రాంతికి, బియ్యప్పిండితో" అని నా ముగ్గుల ఫోటోలు చూపించా. ఒక్కదానివే వేశావా, చుక్కలు ఎందుకు పెట్టావు, ఎన్ని చుక్కలు అని గంటసేపు అడిగింది. నా స్పానిష్‌కి అదే పరీక్ష.

ఇంకోటి. నిన్న రాత్రి మా ఆయన మీద బల్లి పడింది. ఇక్కడ పెరెన్‌కెన్ అంటారు, మన బల్లే. మా అమ్మకి ఫోన్లో చెబితే వెంటనే పంచాంగం తీసి "ఏ భుజం?" అంది. ఆయనేమో గుర్తులేదంటారు.

---

గోదారిగట్టు · ఫిబ్రవరి 27, రాత్రి 9:52

అమ్మాయ్, సంతోషం. ఆ దెసుమిదిఫికదోర్ ఇప్పుడు అక్కర్లేదేమో? మా ఆఫీసులో కొత్త కుర్రాడొకడు లా లగూనాలో ఇల్లు తీసుకున్నాడు. జూలైలో చూసుకున్నాడట.

---

బందరు_పిల్ల · ఫిబ్రవరి 27, రాత్రి 10:01

ఇవ్వను బాబాయ్ గారూ, ఇక్కడా రాత్రికి లీటరు వస్తోంది. ఆ అబ్బాయికి స్వెట్టర్లు ఉన్నాయో లేదో కనుక్కోండి.